నిరతాన్నదాత్రి శ్రీమతి డొక్కా సీతమ్మగారు

మహనీయుల చరిత్రములు చదువునపుడు మనము సామాన్యముగా రాజులను గూర్చియు, సేనాధిపతులను గూర్చియు, కవిపండితులను గూర్చియు చదువుచుందుము. జీవితమంతయు వంటయింటిలో గడపి, ఒక్క గ్రంథమైనను వ్రాయక, ఒక్క సభలోనైనను ఉపన్యసింపక, దేశమంతట పేరు పొందినవారు అరుదు. అట్టివారిలో మన గోదావరి మండలమునకు అలంకారమైన శ్రీమతి డొక్కా సీతమ్మగారు ప్రథమగణ్యురాలు. ఆమె కాలధర్మము నొంది నూఱేండ్లు దాటినను కోనసీమలో పెద్దలు పిల్లలకు ఆమె కథను నేటికిని చెప్పుచున్నారు. అన్నపూర్ణ యనియు, నిరతాన్నదాత్రి యనియు ప్రజలు ఆమెను కీర్తించుచున్నారు. ఆమె జీవితమును సంగ్రహముగా తెలిపి, వచ్చువారి సంఖ్య తెలియని యొక పెద్ద వంటశాలను నడపుట యెంత కష్టమో, అందుండి మనము నేర్వదగిన దేమో చెప్పుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

సీతమ్మగారు 1841వ సంవత్సరము అక్టోబరు మాసమున మండపేటలో జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. భవానీశంకరముగారు ఆకలిగొని వచ్చినవారికి లేదనక అన్నము పెట్టెడివారు. పసిపిల్లలు అన్నమును బువ్వ యందురు గదా! ఊరివారు ప్రేమతో ఆయనను బువ్వన్న యని పిలిచెడివారట. తల్లి చిన్నతనముననే గతించుటచే ఇంటి భారము బాలికపై బడెను. ఆడపిల్లలను బడికి పంపు ఆచారము ఆ దినములలో మన ప్రాంతమున మిక్కిలి అరుదు. కావున సీతమ్మకు వంటయిల్లే పాఠశాల యయ్యెను. బియ్యము ఏరుట, పప్పు బాగుచేయుట, పొయ్యి సెగ కనిపెట్టుట, అతిథి మొగము చూచి ఆకలి గ్రహించుట, ఇవియే ఆమె నేర్చిన పాఠములు. తండ్రియే గురువు.

ఆమె పుట్టిన కాలము గోదావరి ప్రజలకు మంచి కాలము కాదు. 1833వ సంవత్సరపు ఘోరక్షామమును కన్నులార చూచినవారు ఇంటింట నుండిరి. ఆ క్షామము గుంటూరు కరువని పేరు వడసినను దాని దెబ్బ గోదావరి ప్రాంతమునకును తగిలెను. 1839లో గొప్ప తుపాను వచ్చి కోరంగి రేవును ముంచి వేలకొలది జనమును పొట్టను బెట్టుకొనెను. నది నిండుగ ప్రవహించుచున్నను పొలములకు నీరు లేదు. నీరు వచ్చిననో వరదయై వచ్చి పైరును తుడిచివేయుచుండెను. సీతమ్మ ఆరేండ్ల బాలికగా నున్నపుడు, అనగా 1847లో, సర్ ఆర్థరు కాటనుగారు ధవళేశ్వరము వద్ద ఆనకట్ట పని ప్రారంభించిరి. 1852 నాటికి ఆ పని ముగిసెను. ఆ కాలముననే గన్నవరము వద్ద వైనతేయ పాయకు అడ్డముగ నలువదితొమ్మిది కమానులతో ఒక అక్విడక్టు లేచెను. నది క్రింద పాఱుచుండగా కాలువ దానిపైనుండి ఆవలి లంకలకు పోవు ఆ కట్టడమును చూచుటకు దూరదేశములనుండి జనులు వచ్చుచుండిరి. ఆ గన్నవరమే తన మెట్టినింటి ఊరు కానున్నదని గాని, ఆ స్థలమున వెలయు కట్టడమునకు ఒకనాడు తన పేరు పెట్టుదురని గాని మండపేట బాలిక యెట్లు ఎఱుగును?

ఆమె వివాహమును గూర్చి పెద్దలు చెప్పు కథ ఇట్లున్నది. లంకల గన్నవరమున డొక్కా జోగన్నపంతులుగారను సంపన్న గృహస్థుడు, వేదపండితుడు ఉండెను. ఆయన ఒకప్పుడు ఒక పండితసభకు పోయి తిరిగి వచ్చుచు మధ్యాహ్నవేళకు మండపేట చేరి, భవానీశంకరముగారి ఇంట అతిథి యయ్యెను. ఆ యింట యజమానుని ఆదరమును, బాలిక వడ్డించు తీరును, ఆమె అణకువను చూచి ఆయన మిగుల సంతోషించెను. పిమ్మట సంబంధము కుదిరి సీతమ్మ గన్నవరపు కోడలయ్యెను. అన్నము పెట్టిన ఇంటనుండి వచ్చినదానికి అన్నము పెట్టు ఇల్లే లభించెను. కాటనుగారి కాలువల వలన ఆ భూములకు నీరు కలిగి పంటలు పండుచుండెను. గాదెలు నిండుటకు కాలువ కారణమైనను, నిండిన గాదెను ఇతరులకై తెరచుటకు మనస్సు కావలయును. ఆ మనస్సు భార్యాభర్త లిద్దరికిని ఉండుట గొప్ప విశేషము. భర్త సమ్మతి లేనిదే ఆ కాలపు ఇల్లాలు ఇంత కార్యము నడపజాలదు. కావున సీతమ్మగారి కీర్తిలో జోగన్నగారికి సగపాలు గలదని మనము మరువరాదు.

గన్నవరము ఎట్టి తావున నున్నదో తెలిసికొననిదే ఆమె చేసిన పని విలువ తెలియదు. వసిష్ఠ గోదావరి నుండి వైనతేయ చీలిపోవు ప్రాంతమది. అంతర్వేది తీర్థమునకు పోవువారు, లంకలలో కూలికి పోవువారు, ఆడపిల్లను అత్తవారింట దింపబోవువారు, బేరసారములకు తిరుగువారు, ఎందఱో ఆ దారిని రేవులు దాటి పోవలసియుండెను. నేడు రావులపాలెము నుండి బస్సెక్కినచో ఘడియలలో చేరు దూరమునకు ఆ దినములలో నడకయు, బండియు, పడవయే శరణ్యము. గాలి ఎదురైనచో పడవ ఆగును. వరద వచ్చినచో రెండు మూడు దినములు రేవునందే పడియుండవలెను. పట్టణములందు డబ్బు తీసికొని అన్నము పెట్టు పూటకూళ్ళ యిండ్లు ఉండెనుగాని పల్లెలలో బాటసారికి అట్టి ఆధారము అరుదు. చేతిలో పైకమున్నవాడును ఆకలితో పడుకొనవలసిన చోటది. లేనివాని మాట చెప్పనేల?

అట్టి చోట సీతమ్మగారు తమ ఇంటిని బాటసారుల పాలు చేసిరి. ఏ వేళ వచ్చినను, ఏ కులమువారు వచ్చినను, ఆమె విసుగుకొనక అన్నము పెట్టెడిదని నాటినుండి వాడుక. తెల్లవాఱుజామున రేవు దిగినవారును, నడిరేయి తలుపు తట్టినవారును ఆకలితో తిరిగి పోలేదట. రాత్రి పొయ్యి ఆర్పి పడుకొన్న పిమ్మట మరల లేచి, పొయ్యి రాజేసి, వండి వడ్డించుట ఒకనాడు చేయుట తేలిక. నాలుగు నాళ్ళు చేయుటయు సాధ్యమే. ఏండ్ల తరబడి చేయుటయే అసిధారావ్రతము. ఆమె దానిని వ్రతమని అనుకొన్నట్లును కానరాదు. పొద్దు పొడిచినట్లు, కాలువ పాఱినట్లు, ఆ యింట పొయ్యి వెలుగుచుండెను. 1876 నుండి 1878 వరకు దక్షిణదేశమున మహాక్షామము వచ్చి లక్షలకొలది ప్రజలు మడిసినప్పుడు గోదావరి డెల్టా కాలువల నీటిచే పండి ఇతరులకు ఆధారమయ్యెను. అన్నపు విలువ యేమో ఆ తరమువారికి చక్కగా తెలియును.

ఇక వంటశాల మాటకు వత్తము. పెండ్లివారి వంటకు ముందుగానే లెక్క యుండును. ఇంతమంది చుట్టములు, ఇన్ని కుంచముల బియ్యము అని పెద్దలు నిర్ణయింతురు. సీతమ్మగారి యింటికి అట్టి లెక్క లేదు. నేడు పదుగురు రావచ్చును. రేపు వంద రావచ్చును. అధికముగ వండినచో మిగిలినది పాడగును. తక్కువ వండినచో చివర వచ్చినవాడు పస్తుండును. నేడు రాజమహేంద్రవరములోను, కాకినాడలోను, అమలాపురములోను హోటలు నడపు ప్రతివానిని వేధించు ప్రశ్నయు ఇదియే. దీనికి ఒక్కటియే మార్గము గలదు: వండని సరకును చెడకుండ, పొడిగా, సిద్ధముగా నిలువచేయుట, వండిన అన్నమును నిలువచేయక వేడివేడిగా పెట్టుట. వచ్చినవారికి వచ్చినప్పుడే వండి పెట్టిన ఇల్లు తెలిసియో తెలియకయో ఈ మార్గమునే అనుసరించినది.

వండని సరకును నిలువచేయు విద్యలో మన డెల్టావారు ప్రవీణులు. ఈ నేల చెమ్మనేల. వర్షాకాలమున గోడలు సహితము నీరు గ్రక్కును. కావున ధాన్యమును బాగుగ ఎండబెట్టి, నేలకు తగులనీయక, గాదెలలోను గడ్డితో చుట్టిన పురులలోను దాచెడివారు. బియ్యముగా దంపి దాచిన పురుగు పట్టును. ఊక యున్నంతవరకు గింజకు ఊకయే కవచము. అందుచే ఏ నాటికానాడు, లేదా వారమునకు సరిపడ మాత్రమే దంపుకొనుట పాత యిండ్ల అలవాటు. పప్పులు ఎండబెట్టి కుండలలో పోసి మూతలు బిగింతురు. చింతపండునకు ఉప్పు చేర్చి ముద్దలు కట్టుదురు. ఎండకాలమున వడియములు, అప్పడములు, ఒరుగులు ఎండించి వానకాలమునకు దాతురు. సముద్రతీరపు పల్లెలవారు చేపలను రొయ్యలను ఇట్లే ఎండబెట్టుకొందురు. ఆవకాయ, మాగాయ జాడీలలో పెట్టి, ఉప్పు, కారము, ఆవపిండి చాలినంత వేసి, పైన నూనె తేలునట్లు చూతురు. తడిచేయి, తడిగరిటె జాడీని తాకరాదని తల్లులు పిల్లలను కసరుట మనమెల్లరము ఎఱిగినదే. పాలు, వెన్న పిల్లికందకుండ ఉట్టిమీద పెట్టుదురు. ఈ యాచారములన్నిటికిని మూలసూత్రమొకటే: తడి చేరనీయరాదు, పురుగు పుట్రను చేరనీయరాదు, గాలి తగులనీయరాదు.

వండిన పదార్థము మాట వేఱు. అన్నము ఉడికినపుడు గింజ నీరు త్రాగి మెత్తబడును. ఆ తడియు, మన దేశపు వేడిమియు కలిసినచో కంటికి కానరాని సూక్ష్మజీవులు దానియందు వేగముగ వృద్ధి పొందును. బియ్యమునందు సహజముగ నుండు బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి మిక్కిలి మొండిది. దాని బీజములు అన్నము ఉడికినను చావవు. ఉడికిన అన్నమును గంటలకొలది గోరువెచ్చగా వదలినచో ఆ బీజములు మొలకెత్తి, పెరిగి, ఒక విషమును పుట్టించును. ఆ విషమును మరల కాచినను పోగొట్టలేము. 1970ల తొలినాళ్ళలో ఇంగ్లండులోని కొన్ని చైనీయ భోజనశాలలలో వేపుడన్నము తిన్నవారికి వాంతులు కలుగుచుండగా వైద్యులు విచారించి దీని కారణమును కనుగొనిరి. అచ్చట వంటవారు ముందురాత్రియే అన్నము వండి, చల్లని పెట్టెలో పెట్టినచో గింజలు అంటుకొనునని వెలుపలనే యుంచి, మఱునాడు అడిగినవారికి కొంచెముసేపు వేయించి పెట్టుచుండిరి. కొద్దిపాటి సౌలభ్యమునకై చేసిన పని తినువారికి కీడు తెచ్చెను.

ఇచ్చట కొందఱు చదువరులు మన చల్దియన్నమును గూర్చి అడుగవచ్చును. రాత్రి మిగిలిన అన్నములో నీరు పోసి ఉంచినచో అది తెల్లవాఱునప్పటికి పులియును. పులియబెట్టు సూక్ష్మజీవులు మజ్జిగలో నుండు జాతికి చెందినవి. అవి పుట్టించు పులుపు ఇతర సూక్ష్మజీవుల పెరుగుదలను అణచును. మజ్జిగ పోసిన అన్నము పొలములోని రైతునకు మధ్యాహ్నమువరకు సహించుటకు కారణమిదియే. నీరుగాని మజ్జిగగాని లేక, కుండలో వట్టిగా వదలిన వెచ్చని అన్నమునకు ఈ రక్షణ లేదు. అయినను కుండయు నీరును శుభ్రముగ లేనిచో చల్దియన్నమును నమ్మదగదు.

సీతమ్మగారు గన్నవరమున అన్నము పెట్టుచున్న ఆ సంవత్సరములలోనే దూరదేశములందు పండితులు ఈ రహస్యములను ఒక్కటొక్కటిగా వెలికి తీయుచుండిరి. ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చరుగారు 1860ల యందు పదార్థములు పులియుటకును క్రుళ్ళుటకును సూక్ష్మజీవులే కారణమని నిరూపించిరి. జర్మనీ దేశపు రాబర్టు కోచిగారు కలకత్తాకు వచ్చి, 1884లో కలరా వ్యాధిని కలిగించు క్రిమిని చెఱువునీటిలో గుర్తించిరి. తీర్థములందును రేవులందును జనము గుమిగూడినప్పుడెల్ల కలరా చెలరేగి ప్రజలను హరించిన కాలమది. గన్నవరము వంటి రేవు ఊరిలో వచ్చువారెల్లరకు అన్నము పెట్టుట యనగా ఎంత జాగ్రత్తతో కూడిన పనియో దీనివలన మనము ఊహింపవచ్చును. ఆకలిగొన్నవాడు పెట్టిన ముద్దను పరీక్షింపడు. వండినవారియందు నమ్మకముంచి నోటబెట్టుకొనును. ఆ నమ్మకము నిలుపుటయే వంటవాని ధర్మము.

ఆమెను గూర్చి చెప్పు కథలలో అంతర్వేది యాత్ర మిక్కిలి ప్రసిద్ధము. దినదినము ఇతరుల ఆకలి తీర్చుచుండుటచే ఇల్లు కదలుటకు ఆమెకు తీరిక చిక్కదయ్యెను. ఎన్నో యేండ్లకు ఒకసారి అంతర్వేది నరసింహస్వామిని దర్శింపవలెనని ఆమె బయలుదేరెను. మార్గమధ్యమున విశ్రమించియుండగా ఆ దారినే వచ్చుచున్న యొక కుటుంబమువారి మాటలు ఆమె చెవిని బడెను. ఆకలితో ఏడ్చుచున్న పిల్లలను వారు ఓదార్చుచు, ఇంకెంతో దూరము లేదు, గన్నవరము చేరినచో సీతమ్మగారి యింట కడుపునిండ తినవచ్చునని చెప్పుకొనుచుండిరట. ఆ మాట విన్నంతనే సీతమ్మగారు ప్రయాణము మానుకొని వెనుకకు తిరిగి, వారికంటె ముందుగ ఇల్లు చేరి, వండి సిద్ధముగ నుంచిరట. తాను లేని యింటికి నమ్మి వచ్చినవారు నిరాశతో పోరాదని ఆమె తలంపు. ఎంతో కాలము కోరుకొన్న యాత్రను ఎవరును అడుగకయే విడిచిపెట్టుటలో ఆమె హృదయము కనబడుచున్నది.

వరదను గూర్చిన కథ మఱియొకటి గలదు. గోదావరి పొంగి లంకలను చుట్టుముట్టియున్న యొక రాత్రి ఆవలినుండి ఆకలిచే అలమటించుచున్న యొక మనుష్యుని కేక వినబడెనట. ఎదురుగ ఉధృతమైన ప్రవాహము, చీకటి, వాన. సీతమ్మగారు అన్నము వండి మూటగట్టి, భర్తను బతిమాలి, పడవమీద ఆ యన్నమును ఆవలికి పంపిరట. జోగన్నగారు ప్రాణమునకు తెగించి పోయి, ఆ యభాగ్యునకు అన్నమిచ్చి సురక్షితముగ తిరిగి వచ్చిరట. వరద రోజులలో గోదావరిని చూచినవారికి ఈ సాహసమెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇట్టి కీర్తి దాచినను దాగదు. పిఠాపురము మహారాజుగారు మాఱువేషమున వచ్చి ఆమె ఆతిథ్యమును పరీక్షించి సంతోషించిరని యొక కథ వాడుకలో నున్నది. ఆమె కీర్తి సముద్రములు దాటి ఇంగ్లండు చేరెననియు చెప్పుదురు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక మహోత్సవము 1903 జనవరి 1వ తేదీన ఢిల్లీలో జరిగెను. ఆ యుత్సవమునకు రావలసినదని ఆమెకు ఆహ్వానము రాగా, తాను పేరుకొఱకు అన్నము పెట్టుటలేదనియు, ఇల్లు విడిచి రాజాలననియు ఆమె వినయముతో తెలిపెనట. అంతట ఆమె ఛాయాచిత్రమునైనను పంపవలెనని అధికారులు బతిమాలిరట. దానికిని ఆమె ఒప్పుకొనలేదట. చిత్రము పంపనిచో తమ ఉద్యోగమునకే ముప్పు వచ్చునని ఆ యధికారి మొఱపెట్టుకొనగా, అతని యన్నము పోకుండుటకై మాత్రము ఆమె అంగీకరించెనని పెద్దలు చెప్పుదురు. ఒకరి కూటికి భంగము కలుగునన్న మాట తప్ప వేఱేదియు ఆమె పట్టుదలను కరగింపలేకపోయెను.

1909వ సంవత్సరము ఏప్రిలు 28వ తేదీన సీతమ్మగారు పరమపదించిరి. అప్పటికి ఆమె వయస్సు అఱువదియేడు సంవత్సరములు. ఆమె స్వహస్తముతో వ్రాసిన గ్రంథములు లేవు. ఆమె తినిపించిన వేలకొలది జనుల జ్ఞాపకమే ఆమె చరిత్రకు ఆధారమయ్యెను. గన్నవరము వద్ద పాత అక్విడక్టు శిథిలము కాగా, దాని ప్రక్కన క్రొత్తది నిర్మించి 2000వ సంవత్సరమున దానికి డొక్కా సీతమ్మ అక్విడక్టు అని పేరు పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టిరి. 2025 జనవరి నుండి ప్రభుత్వ జూనియరు కళాశాలల విద్యార్థులకును ఆ భోజనము లభించెను. నీటిని మోసుకొనిపోవు కట్టడమునకును, పిల్లల కంచములోని అన్నమునకును ఒక్కరి పేరే పెట్టుట ఎంతయు సముచితము.

అయితే పేరు పెట్టినంతమాత్రమున పని ముగియదు. పెద్ద వంటశాలలో చిన్న అజాగ్రత్త ఎంత కీడు తెచ్చునో బీహారు రాష్ట్రమున జరిగిన ఘోరము తెలుపుచున్నది. 2013 జూలై 16వ తేదీన సారన్ జిల్లాలోని గండామన్ గ్రామమున బడిలో మధ్యాహ్నభోజనము తిన్న బాలబాలికలలో ఇరువదిముగ్గురు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసియున్నదని పరీక్షలలో తేలెను. ఆకలి తీర్చుకొనుటకు కూర్చున్న పసివారు మరల లేవలేదు. పొలములో చల్లు మందును వంటసరకు చెంత నుంచరాదనియు, మందు పట్టిన డబ్బాను ఎంత కడిగినను వంటకు వాడరాదనియు ప్రతి యింటను, ప్రతి బడిలోను, ప్రతి హోటలులోను జ్ఞాపకముంచుకొనవలెను. వరి పండించు మన డెల్టాలో పురుగుమందు లేని రైతు ఇల్లు అరుదు గనుక ఈ మాట మనకు మఱింత ముఖ్యము.

మన దేశమున 2006లో ఆహార భద్రత, ప్రమాణముల చట్టము చేయబడి 2011 ఆగస్టు నుండి అమలులోనికి వచ్చెను. ఆ చట్టము క్రింద భోజనశాలలకు విధించిన నియమములును, లోకమంతట వైద్యులు అంగీకరించిన సూత్రములును కష్టమైనవి కావు. వండిన పదార్థమును వడ్డించువరకు 60 డిగ్రీల సెంటీగ్రేడుకు తగ్గని వేడిలో నుంచవలెను. చల్లగా నిలువచేయు దానిని 5 డిగ్రీలకు మించనీయరాదు. ఈ రెంటి నడుమ నుండు వెచ్చదనమే సూక్ష్మజీవులకు పుట్టినిల్లు. గది వేడిమిలో వండిన పదార్థమును రెండు గంటలకు మించి ఉంచరాదు. నిలువ చేయవలసివచ్చినచో పెద్ద గుండిగలో వదలక, వెడల్పైన పళ్ళెములలో పలుచగా పరచి త్వరగా చల్లార్చి చల్లని పెట్టెలో పెట్టవలెను. గుండిగ నడుమ నున్న అన్నము గంటలకొలది వేడి విడువదు. పచ్చిమాంసమును చేపలను క్రింది అరలోను, వండిన వానిని పై అరలోను ఉంచవలెను. పచ్చిదాని నీరు వండినదానిపై కారరాదు. ముందు వచ్చిన సరకును ముందు వాడవలెను. బస్తాలను నేలపై గాక బల్లలపై, గోడకు ఎడముగ పేర్చవలెను. నిలువచేసిన ప్రతిదానిపై తేదీ వ్రాయవలెను. వంటకు కూర్చునుటకు ముందు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. వాంతులు విరేచనములు గలవారు ఆ దినములలో వంటయింటిలోనికి పోరాదు.

ఈ నియమములను మన ముత్తవ్వల అలవాట్లతో పోల్చి చూచినచో ఎన్నో పోలికలు గోచరించును. నేల తగులని పురి నేటి బల్ల యయ్యెను. ఉట్టి నేటి చల్లని పెట్టె యయ్యెను. తడిగరిటెపై తల్లి విధించిన నిషేధము నేటి చట్టములోని మాట యయ్యెను. అలవాటు ఎందుకు మంచిదో శాస్త్రము చెప్పుచున్నది. అలవాటులో లేని క్రొత్త ప్రమాదములను, అనగా పురుగుమందులను, కల్తీనూనెలను, ఎన్నో నాళ్ళు నిలువయుండు సరకును, ఎట్లు ఎదుర్కొనవలెనో కూడ శాస్త్రమే చెప్పుచున్నది. కావున రెంటిని కలుపుకొని నడచుట వివేకము.

బాలబాలికలారా! మీలో కొందఱు బడిలో భోజనము చేయుదురు. కొందఱు ఇంటినుండి క్యారేజీ తెచ్చుకొందురు. ఉదయము ఏడు గంటలకు కట్టిన అన్నము మధ్యాహ్నమువరకు ఎండలో ఉంచరాదు. నీడగల చల్లని చోట ఉంచుడు. అన్నము జిగురుపట్టినను, వాసన మారినను తినక ఉపాధ్యాయులకు చెప్పుడు. చెప్పుటకు సిగ్గుపడవలదు, మీరు చెప్పిన మాట మీ ప్రక్కనున్న చిన్నవానిని కూడ కాపాడును. వంట చేయు అమ్మలయెడ గౌరవముతో మెలగుడు. తల్లిదండ్రులారా! పెండ్లిలో మిగిలిన పదార్థమును దానము చేయదలచినచో వేడి తగ్గకముందే, శుభ్రమైన పాత్రలలో పంపుడు. పాడైనదానిని పేదవానికి పెట్టుట దానము కాదు. తాము తినుటకు వెనుదీయుదానిని ఇతరులకు పెట్టరాదన్న ఒక్క నియమము చాలును.

సీతమ్మగారు పెట్టినది రాజభోగములు కావు; అన్నము, పప్పు, పచ్చడి, మజ్జిగ వంటి సామాన్య గృహస్థుల యాహారమే. ఆ సామాన్యమైన యన్నమే ఆమెకు శాశ్వతకీర్తి తెచ్చెను. ఏలయనగా దానిని అడుగకముందే పెట్టెను, వేడిగా పెట్టెను, తిన్నవాడెవడని అడుగక పెట్టెను. వైనతేయపై అక్విడక్టులో నేడును నీరు పాఱుచున్నది. ఆ నీటితో ఆవలి లంకలు పండుచున్నవి. ఆ పంట గింజ మన బడి వంటయింటికి వచ్చినప్పుడు దానిని పొడిగా దాచి, శుభ్రముగా వండి, వేడిగా పిల్లల యెదుట పెట్టుట మన వంతు.